చార్మినారుకు పది, బర్కిలీకి యాభై

మా చిన్నప్పుడు గురజాలలో ఖాళీ సిగరెట్ పెట్టెకు ధర ఉండేది. చార్మినారుకు పది, సిజర్సుకు ఇరవై, బర్కిలీకి యాభై, గోల్డ్‌ఫ్లేకుకు వంద. ఎవడి పంటైనా పండి ఫైవ్ ఫిఫ్టీ ఫైవ్ దొరికితే ఐదొందలు. పది అంటే పది రూపాయలా, పది పైసలా అని అడగకండి. పది అంటే పది. బర్కిలీ ఒకటి కావాలంటే చార్మినార్లు ఐదు ఇవ్వాలి, అంతవరకే మాకు తెలుసు. ఈ పట్టీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా స్టేషను వైపు పిల్లలకూ బజారు పిల్లలకూ హైస్కూలు వెనక పిల్లలకూ ఒకటే రేటు. పెద్దవాళ్ల మిరపకాయల బేరాల్లో కూడా అంత కట్టుబాటు నేను చూడలేదు.

మా నాన్నది బజారులో కిరాణా కొట్టు. 1960ల్లో మా ఊళ్లో సిగరెట్ పెట్టె నిండుగా కొనేవాళ్లు అరుదు. ఒకటో రెండో విడిగా కొనుక్కుని, కొట్టు గుంజకు వేలాడే తాడు నిప్పుతో అంటించుకుని పోయేవాళ్లు. పదీ అమ్ముడుపోయాక ఖాళీ పెట్టె మా దగ్గరే మిగిలేది. ఊరి పిల్లల చేతుల్లో తిరిగే నాణేలకు టంకసాల మా కొట్టే అన్నమాట. ఒక పెళ్లిళ్ల సీజన్లో చార్మినారు తెగ అమ్ముడై మా ఇంట్లో ఖాళీ పెట్టెలు గుట్టపడ్డాయి. అవన్నీ ఒక్కసారిగా మేం బేరాలాడే అరుగు మీదికి రాగానే చార్మినారు పది కాస్తా ఐదుకు దిగింది. తర్వాత వాటిని అటకెక్కించి కొంచెం కొంచెంగా దింపితే మళ్లీ పదికి ఎక్కింది. నేను చదివిన కామర్సు డిగ్రీలో ఇంతకన్నా కొత్త సంగతి పెద్దగా లేదు.

ఒక వింత ఏమిటంటే, సిగరెట్లోకి వెళ్లే వర్జీనియా పొగాకు పండేది మా గుంటూరు జిల్లాలోనే. అప్పటికి పల్నాడు జిల్లా లేదు, అది 2022లో వచ్చింది. ఆకు కొనడానికి, పండించడం నేర్పడానికి ఇంపీరియల్ టొబాకో వాళ్లు 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పెట్టారు. గుంటూరు, చీరాల పేర్లు పొగాకు వ్యాపారంలో మోగిపోయాయి. ఇక హైదరాబాదులో 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో వాళ్లది చార్మినారు. ఇంతా చేసి, ఆకు పండించిన రైతు తాగేది చుట్ట. చుట్టకు పెట్టె లేదు, బొమ్మ లేదు, పేరూ లేదు. మా తాత జీవితమంతా కాల్చిన చుట్టల వల్ల నాకు ఒక్క అట్టముక్క మిగల్లేదు. బీడీకట్ట కొంత నయం, దాని నడుముకు లేబులుండేది. పల్చటి కాగితం కాబట్టి మా పట్టీలో దానికి రెండే. మంచి పెట్టెలు కావాలంటే ఆఫీసు గుమాస్తాల వెంటా కోర్టు ప్లీడర్ల వెంటా పడాల్సిందే. ఏ ప్లీడరుగారు ఏ సిగరెట్ కాలుస్తారో, కేసు గెలిస్తే ఏ బ్రాండుకు ఎక్కుతారో మాకు బాగా తెలుసు.

పెట్టె పైమూతా కిందిమూతా చించేసి, మడతలు విప్పి, బొమ్మ ఉన్న రెండు వైపులూ విడదీస్తే రెండు అట్టలు వస్తాయి. వీటిని బచ్చాలనేవాళ్లం. ఆడే పద్ధతి ఇదీ: నేల మీద గుండ్రంగా గిరి గీసి, అందరూ సమానమైన విలువకు బచ్చాలు మధ్యలో పేరుస్తారు. కొంత దూరాన గీత. అక్కడ నిలబడి బిళ్ల విసిరితే గిరి దాటి బయటపడ్డవన్నీ విసిరినవాడివి. బిళ్ల దగ్గర మాత్రం మాకు అన్ని ఊళ్లకూ లేని వసతి ఉంది. మా ఇళ్ల నేలలూ అరుగులూ గోడలూ అన్నీ నాపరాయే. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు వాడిన సున్నపురాయి కూడా పల్నాటిదే. పల్చగా పొరలుగా విడే ఆ రాయి పెంకును అంచులు అరగదీస్తే, నేలకు అంటుకుని జారుకుంటూ పోయి బచ్చాల దొంతి అడుగునే తగిలేది. మాచర్ల నుంచి వచ్చిన నల్లటి పెంకు ఒకటి మా వీధిలో చాలామంది చేతులు మారింది. దాని ఖరీదు ఎప్పుడూ గోల్డ్‌ఫ్లేకుల్లోనే చెప్పుకునేవాళ్లం.

ఆడటం వేరు, మార్చుకోవడం వేరు. మార్చుకోవడంలోనే అసలు రుచి. అందులోకి కొత్తపిల్లాణ్ణి దింపడానికి మా అరుగు మీద ఒక ఆనవాయితీ నడిచేది. ఆరేడేళ్ల పిల్లాడు వట్టి చేతులతో వచ్చి చూస్తూ నిలబడతాడు. నాలుగు రోజులు చూడనిస్తాం. ఐదో రోజు ఎవరో ఒక పెద్దవాడు వాడికి ఐదు చార్మినార్లు చేతిలో పెడతాడు. ఊరికే ఇవ్వడు, అప్పే. కానీ తీర్చే గడువు లేదు, వడ్డీ లేదు. వాడి మొదటి బేరం ఎవరి దగ్గరికి తెచ్చినా కాదనకూడదు. బజారు పిల్లలం కదా, దాన్నీ బోణీ అనే అనేవాళ్లం. బోణీ బేరంలో ఎదుటివాడు పెద్దమనసుతో ఒక కొసరు కూడా వేయాలి, కనీసం ఒక బీడీ లేబులు. రెండో బేరం నుంచి కనికరం లేదు. చిరిగిన అట్ట అంటగడతారు, నీళ్లలో నాని ఉబ్బినది అంటగడతారు, వెనక అతికించిన కాగితం దాచి చూపిస్తారు. చూసుకోవాల్సింది వాడే. ఏడిస్తే వాళ్లమ్మ వస్తుంది, వాళ్లమ్మ వస్తే వాడి పరువు పోతుంది. అందుకని ఏడ్చేవాళ్లు తక్కువ.

ఆడపిల్లల బజారు వేరుగా ఉండేది. గాజుముక్కలు, గవ్వలు, చింతపిక్కలు. తర్వాత బినాకా టూత్‌పేస్టు డబ్బాలో చిన్న ప్లాస్టిక్ జంతువులు రావడం మొదలైంది. మా చెల్లెలు ఏనుగు కోసం రెండు కుందేళ్లూ ఒక చేపా ఇచ్చిందని నాకు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే ఆ చేప నాది. ఆ జంతువులన్నీ సంక్రాంతికి బొమ్మల కొలువు కింది మెట్టు మీద నిలబడేవి. కొలువు చూడటానికి వచ్చిన పిల్లలు పేరంటం శనగలు తింటూ కళ్లతోనే బేరాలు కుదుర్చుకునేవాళ్లు.

అగ్గిపెట్టె లేబుళ్లది ఇంకో లోకం, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే. అప్పటి అగ్గిపెట్టె అట్టతో చేసినది కాదు. పల్చటి చెక్కపొరను మడిచి, నీలం కాగితం చుట్టి, మీద బొమ్మ లేబులు అతికించేవాళ్లు. ఖాళీ పెట్టెను గిన్నెడు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే పొద్దునకల్లా లేబులు తనంత తాను పైకి తేలేది. గోటితో పీకితే చిరుగుతుంది, ఎండలో ఆరబెడితే ముడుచుకుంటుంది. తడిగా ఉండగానే నాపరాతి అరుగుకు అతికించి నీడలో వదిలేస్తే చదునుగా ఊడి వస్తుంది. చిరుతపులితో మనిషి కలబడే బొమ్మ, ఓడ, గుర్రం తల, చిలక, లాంతరు: ఇవి చిల్లర. డజను పెట్టెలను కలిపి చుట్టిన కాగితం మీద అదే బొమ్మ పెద్దగా ఉండేది. అది కొట్టువాడి ఇంట్లో తప్ప దొరకదు. పన్నెండు చిన్న లేబుళ్లకు ఒక డజను లేబులు అని మేమే తీర్మానించుకున్నాం.

ఆ లేబుళ్ల వెనక ఉన్న కథ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మొదట్లో మన దేశానికి అగ్గిపెట్టెలు స్వీడన్ నుంచి, జపాన్ నుంచి ఓడల్లో వచ్చేవి. స్వీడిష్ మ్యాచ్ కంపెనీ 1923లో ఇక్కడే విమ్కో పెట్టి ఓడ, గుర్రం తల బ్రాండ్లు అమ్మింది. అదే కాలంలో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చి సొంత ఊళ్లో మొదలుపెట్టారు. వర్షాలు సరిగా పడని, సేద్యం సాగని నేల అది. పల్నాటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అగ్గిపెట్టెకు లేబులు కావాలి కాబట్టి అచ్చుయంత్రాలు వచ్చాయి. తర్వాత ఆ యంత్రాల మీదే దేశానికంతటికీ క్యాలెండర్లు, దేవుడి పటాలు పడ్డాయి. చదవడం రాని కొనుగోలుదారు బొమ్మను చూసి అడుగుతాడని బ్రాండుకో బొమ్మ పెట్టారు. మా పిల్లల బజారుకు సరుకు అలా తయారైంది.

ఒక సంగతి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మేం నీళ్లలో నానబెట్టి ఊడదీసిన లేబుళ్లలో ఎన్నింటినో అక్కడ మా ఈడు పిల్లలే అతికించారు. శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమలో బాలకార్మికుల మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చేదాకా ఆ విషయం నా బుర్రకు తట్టలేదు. అప్పటికి నేను కొట్టువాణ్ణి, శివకాశి సరుకు అమ్మేవాణ్ణి.

మా బజారుకు పెద్ద ఊపు తెచ్చింది నాగార్జునసాగర్ ప్రాజెక్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలమంతా విజయపురిలో ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. కుడికాలవ పనులు మా వైపు సాగాయి. కొత్త మనుషులతో మేం ఎన్నడూ చూడని పెట్టెలు వచ్చాయి. పాసింగ్ షో మీద టోపీ పెట్టుకున్న దొరను చూసి ఎంత ధర కట్టాలో మాకు పాలుపోలేదు. దానికి నూట యాభై అని ఖాయం చేయడానికి పెద్ద గొడవే జరిగింది. లారీ డ్రైవర్లు పారేసిన అగ్గిపెట్టెల మీద మాకు రాని లిపులు. చదవలేని లేబులుకు ధర ఎక్కువ కట్టారు పిల్లలు. అది సబబే అని నేను ఇప్పటికీ అంటాను.

సినిమా ఫిల్ము ముక్కలు కూడా ఆ రోజుల్లోనే. టెంటు హాల్లో ఫిల్ము తెగితే ఆపరేటరు అతికించేటప్పుడు కత్తిరించి పారేసే ముక్కలకు మేం కాపలా కాసేవాళ్లం. వెలుగుకు అడ్డంగా పెట్టి చూసి ధర కట్టాలి. కత్తి పట్టిన రామారావు ఉంటే ఎక్కువ, వట్టి చెట్లూ మేఘాలూ ఉంటే లెక్కలోకి రావు. 1966లో గుత్తా రామినీడు తీసిన పల్నాటి యుద్ధం సినిమా మా వైపు ఆడినప్పుడు బేరాలు అదుపు తప్పాయి. బ్రహ్మనాయుడుగా రామారావు, నాగమ్మగా భానుమతి. నాగమ్మ బొమ్మ పడ్డ ముక్క తీసుకోవడానికి కారెంపూడి నుంచి వచ్చిన పిల్లాడు ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో వీరుల గుడి ఉంది, కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి, వాడికి అది సినిమా కాదు. గురజాల నాగమ్మ ఉన్న ఊరు కదా, మా వాళ్లకు పట్టింపు లేదు.

ఊరు దాటిన బేరాలు కోటప్పకొండ తిరునాళ్లలో జరిగేవి. మా అమ్మమ్మవాళ్లది కొండ కింద యల్లమంద. శివరాత్రికి ముందురోజే మేం అక్కడికి చేరేవాళ్లం, నా సంచీలో బట్టల కింద బచ్చాల కట్ట. త్రికోటేశ్వరుడి దగ్గరికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ప్రభలు కదిలి వస్తాయి. ఇప్పుడవి 80, 90 అడుగులు దాటి, కరెంటు దీపాలతో కొండకే పోటీ పడుతున్నాయి. చేదుకో కోటయ్యా అని పెద్దవాళ్లు మెట్లు ఎక్కుతుంటే మేం ప్రభల నీడలో చేరేవాళ్లం. నరసరావుపేట పిల్లలు, చిలకలూరిపేట పిల్లలు, వినుకొండ పిల్లలు. తమాషా ఏమిటంటే ఒక్కొక్క ఊరిది ఒక్కొక్క పట్టీ. నరసరావుపేట పెద్ద వ్యాపారకేంద్రం కాబట్టి అక్కడ గోల్డ్‌ఫ్లేకుకు యాభైకి మించి పలకదు. మా దగ్గర వంద. అక్కడివాళ్ల దగ్గర కొని మా ఊళ్లో మార్చితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. తెల్లారి జాగరణ ముగిశాక ప్రభలు నిలిచిన చోట నేలంతా వెతికితే ఊరూరి పెట్టెలు దొరికేవి. చెరుకు పిప్పి కింద, అరిసెల కాగితాల కింద. మా అమ్మ దృష్టిలో అది చెత్త ఏరుకోవడం. దానికి వీపు మీద ధర వేరే ఉండేది.

పిల్లల ఆటవస్తువు పెద్దల చరిత్రను మలుపు తిప్పిన సంగతి పల్నాటివాళ్లకు కొత్త కాదు. శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు బొంగరాలు ఆడుతుంటే బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. తండ్రులంతా యుద్ధభూమిలో ఉంటే నువ్విక్కడ ఆడుకుంటున్నావా అని ఆమె దెప్పుతుంది. అతను కారెంపూడికి బయలుదేరతాడు. యుద్ధానికి పంపకూడదని ఆటలో పెట్టిన తల్లి ఐతమ్మ ఎత్తు అలా బెడిసింది. ఈ కథ మా ఊళ్లో ప్రతి పిల్లాడికీ తెలుసు.

ఆ నేల మీద చొక్కాకు గుచ్చుకునే బ్యాడ్జీ అంటే ఏమిటో ఇప్పుడు చెప్పాలి. ఆగస్టు 15కి కాగితం జెండా గుండుసూదితో గుచ్చుకుని బడికి వెళ్లేవాళ్లం. దాన్ని ఎవరూ మార్చుకునేవాళ్లు కాదు, అందరిదీ ఒకటే కాబట్టి. అసలు బ్యాడ్జీలు 1983 జనవరి ఎన్నికలప్పుడు వచ్చాయి. తెలుగుదేశం పుట్టి ఏడాది కూడా కాలేదు. అప్పటికి నేను నరసరావుపేటలో స్టేషనరీ కొట్టు పెట్టాను. వీధుల్లో పిల్లల చొక్కాల మీద సైకిలు ఒకవైపు, చెయ్యి ఒకవైపు. చూడముచ్చటగా, మెరుస్తూ, వేళ్లకు తగినంత బరువుగా ఉండేవి. సేకరించడానికి వాటికన్నా మంచి వస్తువు ఇంకోటి లేదు. అయినా ఒక్క పిల్లాడూ మార్చుకోలేదు. మా వైపు పల్లెల్లో వర్గాలు ఎలాంటివో తెలిసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. తప్పుడు బ్యాడ్జీ పెట్టుకుని తప్పుడు బజారులోకి పోతే అది ఆట కాదు. మేనమామ ఊరికి పంపేముందు గడపలోనే కొడుకు చొక్కా మీది బ్యాడ్జీ తీసి పోపులడబ్బాలో దాచిన తల్లులు నాకు తెలుసు. సిగరెట్ పెట్టె ఏ పక్షానికీ చెందదు కాబట్టే అది ఊళ్లన్నీ తిరిగింది.

1980ల నుంచి సరుకు స్వభావం మారింది. గోల్డ్‌స్పాట్ సీసా మూత అడుగున జంగిల్ బుక్ బొమ్మలు వచ్చాయి. బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చాయి, వెనక పరుగులూ వికెట్లూ. లెక్క కుదిరితే బహుమతి. తర్వాత కేబుల్ టీవీ వెంట డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ కార్డులు. హల్క్ హోగన్ ఛాతీ కొలత, అండర్‌టేకర్ బరువు పౌండ్లలో తెలుగు మీడియం పిల్లలు అప్పజెప్పేవాళ్లు. అమ్మినవాణ్ణి నేను, లాభపడ్డాను, అందుకే ఈ మాట నిస్సంకోచంగా అంటాను: ఇవి సేకరించడానికే అచ్చేసినవి. సిగరెట్ పెట్టె వేరే పనికి పుట్టి, ఆ పని అయిపోయాక పిల్లలకు దొరికింది. దానికి ధర కట్టింది పిల్లలు. కార్డు ధర ఎంతో, ఏది ఎంత అరుదో, ఎన్ని అచ్చేయాలో అన్నీ కంపెనీవాడు ముందే నిర్ణయించాడు. దాంతో అమ్మానాన్నల పర్సు బజారులోకి వచ్చింది. డబ్బున్న పిల్లాడు పెట్టె మొత్తం కొనుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంటే వాడితో బేరం ఆడేవాడు లేడు. అయినా మా పెద్దాడు, ఆడకుండానే ఎండకు వెలిసిపోయిన కార్డుల కట్టతో, ఒక మధ్యాహ్నం ఎదురింటి పిల్లాడి దగ్గర గాలిపటం చరఖా సంపాదించుకొచ్చాడు. పూర్తిగా చావలేదు ఆ విద్య.

ఆ పెద్దాడే ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. వాడి పిల్లలను తీసుకుని ఫ్లారిడాలో డిస్నీవరల్డ్‌కు వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. అక్కడ పిన్నుల మార్పిడి ఉంటుందని వాళ్లు నెల ముందు నుంచే చెబుతున్నారు. ఎనామెల్ పూత పూసిన చిన్న లోహపు బొమ్మలు, వెనక సూది, సూదికి మిక్కీ తల ఆకారపు రబ్బరు బిరడా. మెడలో పట్టీ తాడుకు గుచ్చుకుని తిరుగుతారు. డిస్నీవాళ్లు దీన్ని 1999 అక్టోబరులో, కొత్త సహస్రాబ్ది సంబరాలతో మొదలుపెట్టారు. పిన్నులు మార్చుకోవడం అంతకన్నా పాతది. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్లకూ నిర్ణేతలకూ ఇచ్చిన అట్ట బ్యాడ్జీల దగ్గర దాని వేరు ఉంది. 1988 కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో కోకాకోలా వాళ్లు దానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే పెట్టారు.

డిస్నీ పద్ధతిలో ఒకటికి ఒకటి. పిల్లవాడు పార్కు ఉద్యోగి దగ్గరికి వెళ్లి, చూడొచ్చా అని అడిగి, నచ్చినది చూపించి, తనది చేతికివ్వాలి. డిస్నీ ముద్ర ఉన్న లోహపు పిన్ను అయితే ఉద్యోగి కాదనకూడదు. ఒక్కొక్కరి దగ్గర రోజుకు రెండు మాత్రమే. పిల్లలతోనే మార్చుకునే ఉద్యోగులు ఆకుపచ్చ తాడు వేసుకునే ఆనవాయితీ కూడా ఉండేది. మా మనవరాలు బిడియస్తురాలు. ఎదుటి మనిషి కాదనడని ముందే తెలియడం వల్ల ఆ పిల్ల మొదటిసారి ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలబడి నోరు విప్పింది. పార్కు మొత్తం ఆ పిల్లకు బోణీ బేరమే. అదొక్కటీ నాకు బాగా నచ్చింది. తొమ్మిదేళ్ల మనవడికి మాత్రం రెండో గంటకే విసుగొచ్చింది. ఏది ఇచ్చినా ఏదైనా ఇస్తారంటే ఇక తెలివి ఎందుకు? వాడు నా పోలిక.

పిల్లల్ని ఇందులోకి దింపాలనుకునేవాళ్లకు అరుగు మీది అనుభవంతో నాలుగు మాటలు చెప్పగలను. మొదటి పిన్నులు, పోతే బాధ లేనివై ఉండాలి. పార్కులో కొత్తవి ఖరీదెక్కువ, కాబట్టి ముందే ఒక చిన్న కట్ట కొని ఉంచడం మేలు. ప్రాణప్రదమైనది తాడుకు గుచ్చకుండా ఇంట్లో ఉంచాలి, తాడు మీద ఉన్నదాన్ని ఎవరైనా అడగొచ్చు. ఆన్‌లైన్లో కారుచౌకగా కట్టలు కట్టి అమ్మేవాటిలో ఫ్యాక్టరీ తిరగ్గొట్టినవీ దొంగ అచ్చులూ ఎక్కువ. అంచు గరుకుగా ఉందా, రంగు గుంటలు పడిందా, వెనక ముద్ర మసకగా ఉందా అని తిప్పి చూడటం పిల్లలకే నేర్పాలి. మా మనవడికి నేను కళ్లు మూసుకుని వేలితో అంచు తడమమని చెప్పాను. నీళ్లలో నాని ఉబ్బిన బర్కిలీని మేం అలాగే పట్టుకునేవాళ్లం. అన్నింటికన్నా ముఖ్యం, బేరం జరుగుతున్నప్పుడు పెద్దవాళ్లు నాలుగు అడుగులు వెనక్కి ఉండాలి. మా కోడలు ఈ ఒక్క సలహాకు మాత్రం ఒప్పుకోలేదు. జనంలో పిల్లలు తప్పిపోతారని ఆమె భయం. అదీ న్యాయమే, రెండడుగులకు రాజీపడ్డాం.

మనవడి అసలు బేరం పార్కులో జరగలేదు. రాత్రి హోటలు మెట్ల దగ్గర ఇంకో కుటుంబం పిల్లాడు, బ్రెజిల్ వాళ్లట, తాడు విప్పి పరిచాడు. ఇద్దరికీ సరైన ఉమ్మడి భాష లేదు. వేళ్లతో లెక్కలు. మావాడు స్టిచ్ అనే డిస్నీ పాత్ర బొమ్మ ఒకటి ఇచ్చి రెండు అడిగాడు, వాడు తల ఊపలేదు. చివరికి ఒకటికి ఒకటీ, పైన ఒక రబ్బరు బిరడా. కొసరు అడగమని నేను నేర్పలేదు.

ఇప్పుడు నరసరావుపేటలో పిల్లల బడిసంచుల మీద పిన్నులు కనిపిస్తున్నాయి. కార్టూన్లవీ, క్రికెట్ జట్లవీ, సినిమా హీరోలవీ. కొనుక్కుంటున్నారు, గుచ్చుకుంటున్నారు, అంతటితో సరి. అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలైంది. బొమ్మ అట్ట మీదే అచ్చవుతోంది, నానబెట్టి ఊడదీసే పని లేదు. సిగరెట్ పెట్టె మీద ఇప్పుడున్న బొమ్మను ఏ పిల్లాడూ దాచుకోడు, దాచుకోనూ కూడదు. అమెరికా నుంచి వచ్చాక నా కొట్లో కౌంటరు పక్కన ఒక కార్కు పలక తగిలించాను. నా డబ్బుతో కొన్ని పిన్నులు గుచ్చాను. ఒకటి పెట్టి ఒకటి తీసుకోవచ్చు, లేదా పలక ముందు నిలబడి మీలో మీరు తేల్చుకోవచ్చు. రేటు నేను చెప్పను. మొదటిసారి వట్టి చేతులతో వచ్చినవాడికి ఒకటి అప్పు ఇస్తాను, గడువు లేదు. కొంతకాలానికి బడి వదిలే వేళ కొట్టు ముందు గుంపు చేరడం మొదలైంది. అవి ఏ రేటున మారుతున్నాయో చెవి ఒగ్గి వింటున్నాను గానీ రోజూ మారుతోంది, పట్టుబడలేదు. అప్పుడప్పుడు ఏ తండ్రో మోటారుసైకిలు దిగకుండానే ఆ పలక మీద ఎర్రది ఎంత అని అడుగుతాడు. అవి అమ్మకానికి కావండీ అంటాను. పెన్నులూ నోటుబుక్కులూ లోపలి అరలో ఉన్నాయి.